ఫౌజు సర్కారుదే, పార్టీది కాదు

సూర్యాపేట కోర్టు చౌరస్తాలో కర్నల్ సంతోష్ బాబు విగ్రహం ఉంది. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్‌గా ఆయన 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో తలపడి ప్రాణం వదిలారు. మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఆయనకు నివాళి అర్పించడానికి అన్ని పార్టీల వాళ్ళూ వచ్చారు. ఆయన ఓటు ఎవరికి వేసేవారో ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఒక సైనికుడికి ఊరు ఇవ్వగలిగిన గౌరవం ఇంతకు మించి ఉండదు.

ఇక ఎన్నికల రోజుల్లో మన చౌరస్తాల్లో వెలిసే ఫ్లెక్సీని ఒకసారి దగ్గరగా చూడండి. పైన ఒక వరుసలో పెద్ద నాయకుల గుండ్రటి ఫొటోలు ఉంటాయి. మధ్యలో చేతులు జోడించిన అభ్యర్థి. వెనక మంచు కొండలు, తుపాకీ పట్టిన జవాను, ఎగిరే యుద్ధ విమానం. కింద పార్టీ గుర్తు, దాని పక్కన ఫ్లెక్సీ కట్టించిన మండల నాయకుడి పేరు. ఆ జవాను ఎవరో కట్టించినవాడికీ తెలియదు, ప్రింటు చేసినవాడికీ తెలియదు. కానీ అతన్ని చూడగానే దారిన పోయేవాళ్ళకు ఒకటి అర్థమవుతుంది, ఈ ఫౌజు ఈ పార్టీ వెనక ఉందని.

దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేయడం తేలిక. ఎన్నికల సంఘం మాత్రం అలా అనుకోలేదు. సైనికుల ఫొటోలను ప్రచారంలో వాడొద్దని 2013 డిసెంబరులోనే పార్టీలకు రాసింది. పుల్వామా దాడి, బాలాకోట్ వైమానిక దాడి తర్వాత 2019 మార్చిలో అదే మాటను మళ్ళీ గుర్తుచేసింది. రక్షణ దళాల చర్యలను ప్రచారానికి వాడుకోవద్దని కూడా చెప్పింది. అయినా ఫ్లెక్సీలు ఆగలేదు. ఫ్లెక్సీ మీద జవాను ఎక్కిన రోజు నుంచి రక్షణ విధానం మీద ప్రశ్న అడగడం కష్టమైపోతుంది. సరిహద్దులో ఏం జరిగింది, నిఘా ఎక్కడ తప్పింది, నిర్ణయం ఎవరిది అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పాల్సిన మంత్రి పక్కకు తప్పుకుంటాడు. అడిగినవాడు సైన్యాన్ని అవమానించాడన్న కేక మొదలవుతుంది. పాలకుడు తన నిర్ణయానికి రావాల్సిన విమర్శకు జవానును అడ్డం పెట్టుకున్నాడన్న మాట. రాజకీయ అధికార దుర్వినియోగం అనగానే డబ్బు, భూమి, కాంట్రాక్టులే గుర్తొస్తాయి. ఇది అంతకంటే లోతైనది.

రాజ్యాంగం ఈ విషయంలో గందరగోళం ఏమీ మిగల్చలేదు. 53వ అధికరణ ప్రకారం సాయుధ బలగాల అత్యున్నత అధికారం రాష్ట్రపతిది, దాన్ని చట్టం ప్రకారమే వాడాలి. సైనికుడు చేసే ప్రమాణం రాజ్యాంగం పేరు మీద ఉంటుంది, ప్రధాని పేరు మీదో పార్టీ అధ్యక్షుడి పేరు మీదో ఉండదు. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం 33వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. ఆ దారిలో వచ్చిన 1954 ఆర్మీ రూల్స్‌లోని 20వ నిబంధన ప్రకారం సైనికుడు పార్టీ సభకు వెళ్ళకూడదు, పార్టీలో చేరకూడదు, చందా ఇవ్వకూడదు, అభ్యర్థినని ప్రకటించుకోకూడదు. ఓటు మాత్రం ఉంది. సర్వీసు ఓటరుగా పోస్టల్ బ్యాలెట్ ద్వారా వేసుకోవచ్చు. అంటే సైనికుడికి రాజకీయ అభిప్రాయం ఉండకూడదని ఎవరూ అనడం లేదు. ఆ అభిప్రాయం యూనిఫాం మీదికి ఎక్కకూడదు, అంతే.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. సైన్యం ఎన్నికైన ప్రభుత్వానికి లోబడి ఉండాలి. ఆ ప్రభుత్వాన్ని నడిపే పార్టీకి లోబడకూడదు. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, ఎందుకంటే మన ఊళ్ళలో సర్కారుకూ పార్టీకీ మధ్య గీత ఎప్పుడో చెరిగిపోయింది. ఇల్లు కావాలన్నా, లోను కావాలన్నా, జాబితాలో పేరు రావాలన్నా అధికార పార్టీ నాయకుడి ఇంటి ముందు నిలబడాల్సిందే అని జనం నమ్ముతారు. చాలాసార్లు ఆ నమ్మకం నిజమే. ఈ అలవాటు తుపాకీ దాకా పాకితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దక్షిణ తెలంగాణ వాళ్ళు వేరే దేశాల చరిత్ర చదవనక్కరలేదు. తాతల తరం దాన్ని కళ్ళారా చూసింది.

హైదరాబాద్ సంస్థానానికి సొంత సైన్యం ఉండేది. దాని కమాండర్ మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్. కానీ 1947, 48లో నల్లగొండ పల్లెల్లో జనం వణికింది ఆ సైన్యాన్ని చూసి కాదు, రజాకార్లను చూసి. రజాకార్లు ఒక పార్టీ దళం. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ తయారుచేసుకున్న బలగం. వాళ్ళకు కోర్టు మార్షల్ లేదు, నియమావళి లేదు, పైన జవాబు చెప్పాల్సిన అధికారి లేడు. సంస్థాన ప్రధాని మీర్ లాయక్ అలీ ప్రభుత్వం వాళ్ళను అదుపు చేయలేకపోయింది, చేయాలన్న పట్టుదలా చూపలేదు. గడీల దొరలకు వాళ్ళు అండ. సంగాన్ని, అంటే కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభను, అణచడానికి వచ్చిన పోలీసుల వెంట వాళ్ళే ఉండేవాళ్ళు. ఠాణా, పార్టీ, తుపాకీ ఒకే గుంపుగా ఊరి మీద పడ్డ కాలమది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత ఆ గుంపు పనే.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. విజయవాడ వైపు నుంచి వచ్చిన దళం కోదాడ, మునగాల దాటి సూర్యాపేట చేరింది. వెనక్కి తగ్గుతూ హైదరాబాద్ సైన్యం మూసీ వంతెనను పేల్చేసింది, కానీ దానికి కాపలాగా కాల్పులు జరిపే దళమేదీ లేకపోవడంతో భారత ఇంజనీర్లు వేగంగా బాగుచేసుకున్నారు. నార్కట్‌పల్లి దగ్గర ఎదురు నిలిచిన రజాకార్ల గుంపు తుడిచిపెట్టుకుపోయింది. సెప్టెంబరు 17కల్లా అంతా అయిపోయింది. ఇందులో సైనిక పాఠం ఒకటుంది. పార్టీ దళం నిరాయుధుల మీద ఎంత క్రూరంగా విరుచుకుపడ్డా, నిజమైన యుద్ధంలో ఐదు రోజులు నిలవలేదు. పైగా అది పక్కనున్న నికార్సయిన సైన్యాన్ని కూడా పనికిరాకుండా చేసింది. రాజకీయ నాయకుడి మాట వృత్తి సైనికుడి మాట కంటే ఎక్కువ చెల్లిన చోట సైన్యం బలహీనపడుతుంది. సంస్థానం కూలిన తీరులో ఈ కారణానికి పెద్ద వాటా ఉంది.

ఆ తర్వాతి కథ ఇంకా చిక్కైనది, మన దగ్గర దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. విజేత జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక గవర్నర్ అయ్యారు. 1949 చివరి దాకా ఈ ప్రాంతాన్ని ఏలింది ఒక సైన్యాధికారి. ఆయన పాలనలోనే, 1949 ఆగస్టులో, జాగీర్లు రద్దయ్యాయి. తరాలుగా అడుగుతున్నా జరగని పని అది. దీన్ని చూపి సైనిక పాలనే మేలని వాదించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళు చెప్పకుండా దాటేసే భాగం వేరే ఉంది. బయటి ప్రాంతాల నుంచి అధికారులు వచ్చి కుర్చీలు నింపారు. ఆ మంట 1952లో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఆందోళనలో బయటపడింది. కమ్యూనిస్టుల వేట పేరుతో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో క్యాంపులు పడ్డాయి, కమ్యూనిస్టు సాయుధ దళాలు నల్లమల అడవుల్లోకి తప్పుకున్నాయి, మధ్యలో రైతులు నలిగిపోయారు. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం, సైన్యంలో ఎక్కువమంది క్రమశిక్షణను మెచ్చుకుంటూనే, కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దౌర్జన్యాల్లో పాలుపంచుకున్నారని రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనం ముందు పెట్టలేదు. తప్పు చేసిన కొద్దిమందిని దాచడానికి మొత్తం సైన్యం పేరును అడ్డు పెట్టడం అప్పుడే మొదలైంది.

అయినా ఆ సైన్యం తిరిగి వెళ్ళిపోయింది. ఈ మాటకు మనం ఇవ్వాల్సినంత విలువ ఇవ్వడం లేదు. 1950 జనవరి 26న సివిల్ అధికారి ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. 1952లో ఎన్నికలు జరిగాయి. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండడంతో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడిన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో. కొన్ని నెలల ముందు వరకు ఏ దళాలను సైన్యం వెంటాడిందో, ఆ దళాల నాయకుడికే అదే జిల్లా ఓటు వేసింది. ఏ కమాండరూ ఆ ఫలితానికి అడ్డు చెప్పలేదు. రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచి, పాలమూరు జిల్లాకు చెందిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. పక్క దేశాల్లో జరగనిది ఇక్కడ జరిగింది. తుపాకీ పట్టినవాళ్ళు బ్యాలెట్ పెట్టె దగ్గర నుంచి పక్కకు జరిగారు.

అది దానంతట అదే జరిగిందనుకుంటే పొరపాటు. ఢిల్లీ పాలకులు కావాలని కొన్ని ఏర్పాట్లు చేశారు. బ్రిటిష్ కాలంలో కమాండర్ ఇన్ చీఫ్ అంటే వైస్రాయ్ తర్వాతి మనిషి. ఆయన ఉన్న తీన్‌మూర్తి భవనం ప్రధాని నివాసమైంది. 1947లోనే ఆర్మీ, నేవీ, వైమానిక దళాలకు వేర్వేరు అధిపతులను పెట్టారు, 1955లో కమాండర్ ఇన్ చీఫ్ హోదానే తీసేశారు. పేరున్న జనరళ్ళను పదవీ విరమణ తర్వాత దూర దేశాలకు రాయబారులుగా పంపారు. కరియప్ప ఆస్ట్రేలియా వెళ్ళారు. మన సైనిక గవర్నర్ చౌదరి తర్వాత ఆర్మీ చీఫ్ అయ్యి, విరమణ చేశాక కెనడాకు హైకమిషనర్‌గా వెళ్ళారు. ఒక రాష్ట్రాన్ని ఏలి, ఒక యుద్ధం నడిపిన మనిషి గొడవ లేకుండా పదవి దిగి వెళ్ళడం మన వ్యవస్థ సాధించిన విజయం.

అదే ఢిల్లీ ఇంకోవైపు నుంచి తప్పు చేసింది. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ పదోన్నతుల్లో వేలు పెడుతున్నారని 1959లో ఆర్మీ చీఫ్ తిమ్మయ్య రాజీనామా ఇచ్చి, నెహ్రూ మాట మీద వెనక్కి తీసుకున్నారు. నెహ్రూ, మీనన్లకు దగ్గరి మనిషిగా పేరుపడ్డ బి.ఎం. కౌల్, యుద్ధంలో దళాలను నడిపిన అనుభవం లేకుండానే పైకి వచ్చి, 1962లో ఈశాన్య సరిహద్దు కోర్ కమాండర్ అయ్యారు. ఎదురు మాట్లాడే సైనికాధికారి మానెక్‌షా మీద విచారణ పెట్టారు, అందులో ఆయన నిర్దోషిగా తేలారు. చైనా దాడిలో ఏం జరిగిందో దేశమంతటికీ తెలుసు. ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి, బూట్లు లేవు, రోడ్లు లేవు, మందుగుండు లేదు. కానీ 'ఇది సాధ్యం కాదు సార్' అని పైకి చెప్పగలిగే అధికారుల నోరు అంతకుముందే మూయించేశారన్నది వాటన్నిటి కంటే పెద్ద కారణం. సైన్యంలో రాజకీయం చేరితే వెంటనే తిరుగుబాటు వస్తుందని భయపడతాం. అంతకంటే ముందు వచ్చేది ఇది, పాలకుడికి నచ్చే అంచనాలు మాత్రమే పైకి చేరడం. దాని ఖర్చు ప్రాణాలతో కట్టేది కింది జవాను.

'మన మనిషి' అని ఎంచుకున్న జనరల్ ఎప్పటికీ మన మనిషిగానే ఉంటాడన్న భరోసా కూడా లేదు. పాకిస్తాన్‌లో భుట్టో 1976లో ఎందరో సీనియర్లను దాటించి జియా ఉల్ హక్‌ను చీఫ్‌ను చేశారు, విధేయుడని నమ్మి. మరుసటి ఏడాదే జియా ఆయన్ను దించేశారు, 1979లో ఉరి తీయించారు. నవాజ్ షరీఫ్ 1998లో సీనియర్లను పక్కనపెట్టి ముషారఫ్‌ను తెచ్చుకున్నారు, 1999 అక్టోబరులో అదే ముషారఫ్ చేతిలో పదవి పోగొట్టుకున్నారు. మన దగ్గర కూడా సీనియారిటీని దాటిన నియామకాలు 1983లో ఒకసారి, 2016లో ఒకసారి జరిగాయి. ప్రభుత్వానికి ఆ అధికారం ఉంది, ప్రతిభ కోసం వాడితే తప్పులేదు. కారణం చెప్పకుండా వాడితే మాత్రం తర్వాతి వరుసలో ఉన్న ప్రతి అధికారి ఎవరిని మెప్పించాలో లెక్క వేసుకోవడం మొదలుపెడతాడు.

ఈ మధ్య కాలంలో చూడాల్సింది దక్షిణ కొరియా. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనం ప్రకటించి, పార్లమెంటు భవనం మీదికి దళాలను పంపారు. జనం గేట్ల దగ్గర అడ్డం నిలిచారు. లోపలికి చేరుకోగలిగిన 190 మంది సభ్యులు ఏకగ్రీవంగా ఆ ప్రకటనను రద్దు చేయాలని ఓటు వేశారు. కొన్ని గంటల్లో అది ముగిసింది. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఆయన్ను పదవి నుంచి తొలగిస్తూ ఒక ముఖ్యమైన మాట చెప్పింది. సభ ఆ ప్రకటనను త్వరగా రద్దు చేయగలగడానికి పౌరుల ప్రతిఘటనతో పాటు, సైనికులు, పోలీసులు ఆదేశాలను అరమనసుతో అమలు చేయడం కూడా కారణమని. చేతిలో తుపాకీ ఉండి, పైనుంచి ఆదేశం ఉండి, కాళ్ళు ముందుకు పడని ఆ సైనికులకు ఒక ప్రజాస్వామ్యం రుణపడి ఉంది.

అయితే కాదనే హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? మన ఆర్మీ చట్టంలో శిక్ష పడేది చట్టబద్ధమైన ఆదేశాన్ని ధిక్కరించినందుకు. ఆ 'చట్టబద్ధమైన' అన్న షరతు సైనికుడికి రక్ష. కానీ దాన్ని బయటి నుంచి రాజకీయ నాయకులు లాగి వాడుకోవడం మొదలుపెడితే ప్రమాదమే. 1975 జూన్ 25న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్, అక్రమ ఆదేశాలను పాటించవద్దని పోలీసులకు, సైన్యానికి పిలుపునిచ్చారు. ఆ రాత్రే ఎమర్జెన్సీ వచ్చింది, ఆ పిలుపునే దానికి ఒక సాకుగా ఇందిరా గాంధీ ప్రభుత్వం చూపింది. ఎమర్జెన్సీ విధించడం ఆ పిలుపు కంటే ఎన్నో రెట్లు పెద్ద నేరం, అందులో సందేహం లేదు. కానీ సైన్యాన్ని మాటల్లోకి లాగడం ప్రతిపక్షానికి కూడా మంచిది కాదని ఆ ఒక్క రోజు చూపింది. ఆనాటి అరెస్టులు, సెన్సారు, జైళ్ళు అన్నీ పోలీసులు, అధికారుల చేతుల మీదుగానే నడిచాయి. సైన్యం బ్యారక్‌లలోనే ఉంది.

అందుకే ఈ చర్చ పోలీసు దగ్గరికి రాకుండా పూర్తికాదు. మన జిల్లాల్లో మనిషికి రోజూ తగిలే తుపాకీ ఎస్సై నడుముకు ఉన్నదే. ఎస్సై, సీఐ పోస్టింగుల కోసం పైరవీలు నడుస్తాయన్నది ఊళ్ళో చిన్నపిల్లలకూ తెలుసు. ఎమ్మెల్యే లేఖతో వచ్చిన అధికారి ఆ ఎమ్మెల్యే ప్రత్యర్థి ఇచ్చిన ఫిర్యాదును ఎలా చూస్తాడో చెప్పనక్కరలేదు. పోలీసును రాజకీయ ఒత్తిడి నుంచి కాపాడమని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశాలిచ్చింది. ఏ రాష్ట్రమూ వాటిని మనస్ఫూర్తిగా అమలు చేయలేదు, ఏ పార్టీ ఉన్నా అంతే. 2024 మార్చిలో బయటికొచ్చిన ఫోన్ ట్యాపింగ్ కేసులో ఆరోపణలు రుజువవుతాయో లేదో కోర్టు తేలుస్తుంది. కానీ నిఘా విభాగం ప్రత్యర్థుల ఫోన్లు విన్నదంటే జనం వెంటనే నమ్మేశారు. పోలీసు మీద నమ్మకం ఎంత అరిగిపోయిందో చెప్పడానికి ఇది చాలు.

ఈ అరుగుదలకూ సైన్యానికీ లంకె ఉంది. పోలీసు మీద నమ్మకం పోయిన చోట ప్రతి గొడవకూ 'మిలిట్రీని దింపాలి' అన్న మాట వినిపిస్తుంది. చట్టం దానికి దారి పెట్టింది, కానీ చాలా ఇరుకుగా పెట్టింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 149వ సెక్షన్ ప్రకారం, మరే మార్గం లేనప్పుడు, అక్కడ హాజరున్న జిల్లా మెజిస్ట్రేట్ లేదా ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ సాయుధ బలగాలను కోరవచ్చు. అంటే ఒక తహసీల్దార్ మీద కూడా ఆ బరువు పడొచ్చు. వచ్చిన సైనికాధికారి వీలైనంత తక్కువ బలం వాడాలి. కోరాల్సింది సివిల్ అధికారి, ఎమ్మెల్యే కాదు, జిల్లా పార్టీ అధ్యక్షుడు అసలే కాదు. పని కాగానే దళం వెనక్కి వెళ్ళిపోవాలి.

అసలు ఈ సాయం ఎలా ఉండాలో నల్లమల ఇటీవలే చూసింది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకున్నప్పుడు, ఆర్మీ ఇంజనీర్లు, నేవీ మెరైన్ కమాండోలు, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి సిబ్బంది బురదలో, నీళ్ళలో, ఎప్పుడు పైకప్పు రాలుతుందో తెలియని చోట కలిసి పనిచేశారు. చిక్కుకున్నవాళ్ళను కాపాడలేకపోయారు. సొరంగం బయట పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నాయి, ప్రాజెక్టు ఆలస్యానికి మీరంటే మీరని. అది వాళ్ళ హక్కు. లోపల ఉన్న యూనిఫాం ఆ వాదనలో ఏ పక్కా నిలబడలేదు. నిలబడమని ఎవరూ అడగలేదు కూడా.

సైనికుడు యూనిఫాం విడిచాక రాజకీయాల్లోకి రావడం వేరే సంగతి. వైమానిక దళంలో యుద్ధ విమానాలు నడిపిన ఉత్తమ్ కుమార్ రెడ్డి కోదాడ, హుజూర్‌నగర్ నుంచి పలుమార్లు గెలిచారు, నల్లగొండ ఎంపీగా చేశారు, ఇప్పుడు మంత్రి. ఉద్యోగం వదిలి, సామాన్య పౌరుడిగా జనం ముందుకొచ్చి ఓటు అడగడంలో తప్పేమీ లేదు. చిక్కు వచ్చేది అత్యున్నత హోదాల్లో. చీఫ్‌గా దిగిన మనిషి రెండేళ్ళలోపే ఏదో పార్టీ టికెట్ మీద నిలబడితే, ఆయన చివరి ఏడాది తీసుకున్న నిర్ణయాలన్నిటి మీదా అనుమానం పడుతుంది. విరమణ చేసిన అధికారి ప్రైవేటు కంపెనీలో చేరాలంటే కొంతకాలం ఆగాలన్న నియమం ఉంది. పార్టీలో చేరడానికి అలాంటిదేమీ లేదు. కనీసం లెఫ్టినెంట్ జనరల్, ఆ పై స్థాయి వాళ్ళకైనా పార్లమెంటు ఒక గడువు పెట్టాలి.

కింది స్థాయిలో ఇంతకంటే దగ్గరి పని ఒకటుంది. నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానంలో తెల్లవారుజామున అగ్నివీర్ కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే పిల్లలు కనిపిస్తారు. అదే మైదానంలో పార్టీల బహిరంగ సభలకు కుర్చీలు వేస్తారు. అగ్నిపథ్ తొలి విడత 2022 చివర, 2023 మొదట్లో శిక్షణలో చేరింది. నాలుగేళ్ళు కాగానే వాళ్ళలో 25 శాతం వరకే సైన్యంలో కొనసాగుతారు, మిగతావాళ్ళు ఇంటికొస్తారు. ఆయుధ శిక్షణ, క్రమశిక్షణ, చేతిలో కొంత డబ్బు ఉన్న పాతికేళ్ళ యువకులు ఊళ్ళో కనబడితే మండల నాయకులు ఊరుకోరు. తమ వెంట తిప్పుకోవాలని, పంచాయితీలకు పంపాలని, కండువా కప్పాలని చూస్తారు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో వాళ్ళకు 10 శాతం ఉద్యోగాలు కేటాయిస్తామని కేంద్రం 2022లో ప్రకటించింది. రాష్ట్రం తన వైపు నుంచి పోలీసు, ఫైర్, అటవీ శాఖల్లో ఎన్ని పోస్టులు ఇస్తుందో, ఏ పరీక్ష ద్వారా ఇస్తుందో ముందుగానే చెప్పాలి. మార్కుల జాబితా కలెక్టరేట్ గోడ మీద అంటించాలి. సిఫారసు లేఖ తెచ్చిన దరఖాస్తును అక్కడికక్కడే తిప్పి పంపాలి.